అభ్యంతరం లేదండి

1994 ఏప్రిల్ 6, బుధవారం. తెనాలి.

కరస్పాండెంట్ బసవపున్నయ్య గారు ఇవాళ నన్ను తన గదికి పిలిపించి, కూర్చోబెట్టి, ఫ్యాను నా వైపు తిప్పించి మరీ మాట్లాడారు. ఆయన ఫ్యాను తిప్పించారంటే మన వల్ల ఏదో పని పడిందన్నమాట. పదహారేళ్ళుగా రోజూ తెనాలి నుంచి రైల్లో వెళ్ళి ఈ బాపట్ల కాలేజీలో పాఠం చెబుతున్నాను, ఆ మాత్రం తెలియదా.

మా డిపార్ట్‌మెంట్‌లో నా జూనియర్ బర్నబాస్‌ని సస్పెండ్ చేశారు. అతని మీద వచ్చిన ఆరోపణ నిజమో కాదో విచారించి రిపోర్టు రాయాలట. విచారణాధికారిని నేనట.

“మీరు పాఠం చెప్పేదే ఇది కదమ్మా. ఉద్యోగిని ఎట్టా విచారించాలి, ఏ రూలు ఎక్కడ పెట్టాలి, మీకన్నా ఎవరికి తెలుసు? పైగా బర్నబాస్ మీవాడే. మీ రేపల్లె, మీ చర్చి. మీరు తప్పు చేశాడని రాస్తే ఎవరూ వేలెత్తి చూపరు.”

“చెయ్యలేదని రాస్తేనో అండీ?” అన్నాను నవ్వుతూ.

ఆయనా నవ్వారు. జులైలో ఎం.బి.ఏ. మొదలవుతోందని, హెడ్డు పోస్టుకి నా పేరు కమిటీలో చెప్పానని అన్నారు. రెండిటికీ సంబంధం లేదు. ఆయన నోట్లోంచి పక్కపక్కనే వచ్చాయి, అంతే.

జరిగింది ఇది. పోయిన బుధవారం బి.కాం. పరీక్షలో కరస్పాండెంట్ గారి మేనల్లుడు చీటీలు పెట్టుకుని రాస్తున్నాడు. ఆ గదిలో డ్యూటీ బర్నబాస్‌ది. చీటీలు లాక్కుని, జవాబు పత్రం ఇమ్మన్నాడు. కుర్రాడు ఇవ్వకుండా తనే చర్రున రెండు ముక్కలు చేసి, బల్ల మీద విసిరికొట్టి బయటికి పోయాడు. బర్నబాస్ వాడి మీద చెయ్యి వెయ్యలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నేనూ, పరీక్షల చీఫ్ వీరరాఘవయ్య గారూ వరండాలో కిటికీ పక్కనే ఉన్నాం. ఇద్దరం చూశాం. ఛార్జిషీట్‌లో మాత్రం బర్నబాస్ కుర్రాడి చెంప మీద కొట్టి, పేపరు లాక్కుని చింపేశాడని ఉంది.

కళ్ళతో చూసిన మనిషి విచారణాధికారిగా కూర్చోకూడదు. సాక్షిగా రావాలి. ఇది ప్రతి ఏడూ నేను బల్ల గుద్ది చెప్పే పాఠమే. కానీ నేను కాదంటే గుంటూరు నుంచి లాయర్ని తెస్తారు. అతను ఒక్క పూటలో బర్నబాస్ ఉద్యోగం పీకేసి, టిఫిన్ చేసి వెళ్ళిపోతాడు. నేనుంటే కనీసం పద్ధతి ప్రకారం జరుగుతుంది. ఆ రకంగా చూస్తే నేను ఉండడమే బర్నబాస్‌కి మేలు. రేపు చెబుతానన్నాను.

ఏప్రిల్ 7, గురువారం.

సరేనన్నాను.

ఏప్రిల్ 10, ఆదివారం.

చర్చి నుంచి వచ్చాక ఈయనకి చెప్పాను. నాలుగు రోజులు ఎందుకు ఆగానో నాకే తెలియదు. ఈయన హైస్కూల్లో సోషల్ మేష్టరు. నాతో వాదించేటప్పుడు మాత్రం పోలీసు.

“నువ్వు జడ్జీవా, సాక్షివా?” అన్నారు చొక్కా విప్పుతూ.

“విచారణాధికారిని.”

“ఆ రోజు ఇంటికొచ్చి, ‘బర్నబాస్ వేలైనా ఎత్తలేదండీ, ఆ వెధవే చింపుకున్నాడు’ అని నాకు చెప్పింది ఎవరు మరి?”

“చూశాననుకోండి. ఎండ కళ్ళల్లో కొడుతుంటే ఎంతవరకు కనపడుద్ది?”

“మీ వరండాకి పొద్దున పూట ఎండ పడదు గదా సామ్రాజ్యం” అన్నారు.

ఈయన మా కాలేజీకి వచ్చిందే రెండు మూడు సార్లు. వరండా ఏ దిక్కున ఉందో ఎందుకు గుర్తుపెట్టుకోవాలి? కొందరు భర్తలు పెళ్ళిరోజు కూడా మర్చిపోతారట. వాళ్ళ భార్యలు ఎంత అదృష్టవంతులో.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. సాయంత్రం ఊరికే మార్కెట్ దాకా వెళ్ళి, ఏమీ కొనకుండా తిరిగొచ్చాను.

ఏప్రిల్ 13, బుధవారం.

యూనివర్సిటీ కొత్త సిలబస్ వచ్చింది. పర్సనెల్ మేనేజ్‌మెంట్ పేపరుకి ఇక మీదట హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అని పేరట. తెలుగు మీడియం వాళ్ళకి మానవ వనరుల నిర్వహణ. నిన్నటిదాకా సిబ్బంది, ఇవాళ్టి నుంచి వనరులు. పాఠాలు అవే.

నా థీసిస్ వైవా మే పదకొండున. జిల్లాలోని మిల్లుల్లో కార్మికుల మీద తీసుకునే క్రమశిక్షణ చర్యల గురించి ఆరేళ్ళు తిరిగి రాసిన థీసిస్. డాక్టరేటు లేకపోతే ఎం.బి.ఏ. హెడ్డు కావడానికి వీల్లేదు. అన్నీ ఒకేసారి వచ్చి మీద పడుతున్నాయి. కాలు నిలవడం లేదు, కూర్చుంటే లేవాలని ఉంటుంది, లేస్తే ఎందుకు లేచానో తెలియదు.

ఏప్రిల్ 18, సోమవారం.

మొదటి సిట్టింగ్ అయింది.

సెమినార్ గదిలో బల్ల మీద పచ్చ గుడ్డ పరిచారు. యాజమాన్యం తరఫున ఆఫీసు సూపరింటెండెంట్ శివరామయ్య ఛార్జిషీట్ చదివాడు. బర్నబాస్ తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు, ఆదివారం చర్చికి వేసుకునే చొక్కా. వాళ్ళమ్మ విజయమ్మ గారే ఇస్త్రీ చేసి ఉంటుంది. రేపల్లెలో అయితే నన్ను అక్కా అంటాడు. నిక్కర్లప్పటి నుంచి వాణ్ణి ఒరే అంటున్న దాన్ని, ఇవాళ మొదటిసారి మీరు అన్నాను.

“విచారణాధికారిగా నన్ను నియమించడం మీద మీకేమైనా అభ్యంతరం ఉందా?”

ఈ ప్రశ్న మొదటి రోజే అడగాలి. ఆ రోజు చెప్పని అభ్యంతరం తర్వాత చెల్లదు. అతనికి ఇది బాగా తెలుసు. మూడేళ్ళ క్రితం ఈ పాఠం ఇద్దరం కలిసి చెప్పాం. క్లాసులో ఉత్తుత్తి విచారణ పెట్టి, అతన్ని ముద్దాయిగా నిలబెట్టి, పిల్లలందరినీ నవ్వించాను. నేను వరండాలో ఉన్న సంగతి కూడా అతనికి తెలుసు. ఆ రోజు కుర్రాడు బయటికి పోయాక అతను తలెత్తి కిటికీలోంచి నన్నే చూశాడు.

అతను వెంటనే మాట్లాడలేదు. నేను మళ్ళీ అడిగాను. రెండోసారి అడగనక్కర్లేదు, అయినా అడిగాను. నా మొహం వంక చూసి, “అభ్యంతరం లేదండి” అన్నాడు.

రాసుకున్నాను. సంతకం పెట్టించాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉందని ఒక్క మాట అంటే లేచి వచ్చేసేదాన్ని కదా. కరస్పాండెంట్ గారికి చెప్పుకోవడానికి కూడా ఉండేది, నేను సిద్ధంగానే ఉన్నానండి, అతనే వద్దన్నాడు అని. ఎవరికీ బాధ లేకుండా పోయేది. చదువు చెప్పేవాడికి ఆ మాత్రం తెలివి ఉండద్దూ?

ఏప్రిల్ 19, మంగళవారం.

ఒక్క మాట. ఉందండి అంటే సరిపోయేది.

ఏప్రిల్ 24, ఆదివారం.

నాన్నని చూసి చాలా రోజులైందని రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. నాన్నని చూడాలని ఏమీ లేదు, తెనాలిలో ఉండలేక వెళ్ళాను. భట్టిప్రోలులో బండి ఎందుకో ఆగిపోతే దిగి నడిచిపోదామా అనిపించింది.

మధ్యాహ్నం విజయమ్మ గారు వచ్చింది. బర్నబాస్ సంగతి అడుగుతుందనుకున్నాను. ఆవిడ ఏమీ అడగలేదు. ఎండురొయ్యలు తెచ్చి, మా వంటింట్లో తనే డబ్బాలో పోసి, నాన్న ఆరోగ్యం కనుక్కుని, వెళ్ళేముందు గుమ్మంలో నిలబడింది.

“మావోడు అన్నం తినట్లేదమ్మాయ్. అయినా నువ్వు ఉన్నావని ధైర్యంగానే ఉన్నాం. ఆ కుర్చీలో ఇంకెవరన్నా ఉంటే ఏమైపోదుమో.”

“పద్ధతి ప్రకారం జరుగుద్ది పిన్నీ” అన్నాను.

“నీకు తెలియందేముందమ్మా” అంది.

ఆవిడ వెళ్ళాక నాన్న, “ఏంటమ్మా, ఆ పైటకొంగు అట్టా నలిపేస్తున్నావు?” అన్నారు. చూసుకుంటే నిజంగానే నలిపేశాను. రేపు వెళ్దామనుకున్నదాన్ని సాయంత్రం బండికే తిరిగొచ్చేశాను.

మే 2, సోమవారం.

రెండో సిట్టింగ్. కుర్రాడు వచ్చి, ఎవరో నేర్పినట్టు గడగడా చెప్పి పోయాడు. ఎడమ చెంప అన్నాడు. బర్నబాస్ అడిగితే కుడి చెంప అన్నాడు. రెండూ రాశాను. నేను ఉండబట్టి రాశాను. లాయరు అయితే రాసేవాడా?

తర్వాత వీరరాఘవయ్య గారు. అకౌంట్స్ మేష్టరు, నేను చేరిన రోజున నన్ను స్టాఫ్ రూముకి తీసుకెళ్ళి అందరికీ పరిచయం చేసిన మనిషి. “బర్నబాస్ చెయ్యెత్తి కుర్రాణ్ణి కొట్టడం చూశానండి” అన్నారు. అంటూ నా వంక చూశారు. నేను కలం వంక చూసుకున్నాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. విచారణాధికారి పని రాయడం.

బర్నబాస్ ప్రశ్నలు అడిగే వంతు వచ్చింది.

“సార్, అప్పుడు మీరు ఎక్కడున్నారండి?”

“వరండాలో.”

“మీ పక్కన ఎవరైనా ఉన్నారాండి?”

శివరామయ్య కాయితాలు సర్దుకుంటున్నాడు. వీరరాఘవయ్య గారు మళ్ళీ నా వంక చూశారు, ఏం చెప్పమంటావు అన్నట్టు. బర్నబాస్ ఆయన్ని చూడ్డం లేదు. నన్ను చూస్తున్నాడు.

“గుర్తులేదు” అన్నారు ఆయన.

గుర్తులేదు అని రాశాను. చాలా వేగంగా రాశాను.

బయటికి వచ్చాక ఆయన మెట్ల దగ్గర ఆగారు. “రెండేళ్ళల్లో రిటైరవుతున్నానమ్మా. పెన్షను కాయితాల మీద ఆయన సంతకం కావాలి. ఏం చేస్తాం? మీరైనా అంతే గదా” అన్నారు.

మీరైనా అంతే గదా అట. నాకూ ఆయనకీ పోలికేంటి? నేను అబద్ధం చెప్పలేదు. ఆయన చెప్పారు, నేను రాశాను.

మే 3, మంగళవారం.

పుస్తకాల బీరువా మొత్తం ఖాళీ చేసి మళ్ళీ సర్దాను. సర్దింది నచ్చక మళ్ళీ తీశాను. ఈయన గుమ్మంలోంచి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఏమైనా అంటే బాగుండేది.

వీరరాఘవయ్య గారికే గుర్తు లేనప్పుడు నాకు మాత్రం ఎలా ఉంటుంది. అసలు ఆ సమయానికి నేను స్టాఫ్ రూము వైపు నడుస్తున్నానేమో. కేకలు విని వెనక్కి తిరిగి ఉంటాను. అప్పటికే పేపరు చిరిగిపోయి ఉంటుంది. ఎవరు చింపారో చూసే అవకాశం నాకు లేదు.

మే 11, బుధవారం.

వైవా అయిపోయింది. నేను డాక్టర్ సామ్రాజ్యాన్ని.

బెనారస్ నుంచి వచ్చిన పరీక్షకుడు ఒక్క ప్రశ్న మీద చాలాసేపు నిలబడ్డాడు. “మీ థీసిస్‌లో, ఉద్యోగాలు పోయిన కార్మికుల్లో చాలామంది విచారణాధికారి పక్షపాతి అని తర్వాత చెప్పారు. మరి మొదటి రోజే ఎందుకు అభ్యంతరం చెప్పలేదు?” నేను మూడు కారణాలు చెప్పాను. అజ్ఞానం, భయం, ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి మీద నమ్మకం. మూడోది థీసిస్‌లో లేదు. అప్పటికప్పుడు నోటికి వచ్చింది. ఆయనకి అదే బాగా నచ్చింది, వ్యాసంగా రాయమన్నాడు.

ఈయన స్వీట్లు తెచ్చారు. ఇరుగుపొరుగు వచ్చారు. నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టాయి.

మే 12, గురువారం.

కరస్పాండెంట్ గారు తెనాలి ఇంటికే ఫోన్ చేశారు. “డాక్టరమ్మా, కంగ్రాచ్యులేషన్స్. డిపార్ట్‌మెంట్ గదికి సున్నాలు వేయిస్తున్నాం” అన్నారు.

మే 16, సోమవారం.

మూడో సిట్టింగ్. ఇక ఆఖరుది అనుకున్నాను.

“మీ తరఫున సాక్షులెవరైనా ఉన్నారా?” అన్నాను.

“ఒక్కరే ఉన్నారండి.”

“పేరు చెప్పండి.”

“సామ్రాజ్యం గారండి. మా కాలేజీలో మేనేజ్‌మెంట్ లెక్చరర్. ఆ రోజు వరండాలో కిటికీ దగ్గర ఉన్నారు” అన్నాడు. క్లాసులో హాజరు పిలిచినట్టు పిలిచాడు.

శివరామయ్య లేచి, “ఇదేం పద్ధతండీ, విచారణాధికారిని సాక్షిగా పిలవడమేంటి? అభ్యంతరం ఉంటే మొదటి రోజే చెప్పాల” అని అరిచాడు. అతను చెప్పింది నిజమే, రూలు ప్రకారం నూటికి నూరుపాళ్ళు నిజం. నిర్ణయం వచ్చే సోమవారం చెబుతానని వాయిదా వేశాను.

సాయంత్రం బాపట్ల స్టేషన్లో ఆడవాళ్ళ పెట్టె ఎక్కుదామని ముందుకు నడిచినదాన్ని, వెనక్కి వచ్చి బర్నబాస్ ఉన్న పెట్టె ఎక్కాను. కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి చోటిచ్చాడు. అప్పికట్ల దాటాక అడిగాను.

“మొదటి రోజు రెండుసార్లు అడిగానురా. అభ్యంతరం ఉందని ఎందుకు చెప్పలా?”

“చెబితే నువ్వు తప్పుకునేదానివి అక్కా. ఇంకెవరో వచ్చి కూర్చుని, నిన్ను సాక్షిగా పిలవనిచ్చేవాళ్ళు కాదు. నువ్వు చూశావన్న సంగతి ఎవరికీ తెలియకుండా పోయేది.”

“అందుకని?”

“నీ అంతట నువ్వే లేస్తావనుకున్నా. ‘నేను చూశాను, నేను ఇక్కడ కూర్చోకూడదు’ అని నువ్వే అంటావనుకున్నా. క్లాసులో బల్ల గుద్ది చెబుతావు గదా. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అని చూస్తా కూర్చున్నా.”

“నేను నువ్వు అడ్డం చెబుతావని చూస్తా కూర్చున్నా” అన్నాను.

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇద్దరు మేనేజ్‌మెంట్ మేష్టర్లం, రూలు తెలిసిన వాళ్ళం, ఎవరి మాట వాళ్ళు ఎదుటివాళ్ళకి వదిలేసి, మూడు సిట్టింగులు మర్యాదగా కూర్చున్నాం. రూలు తెలియని వాళ్ళయితే మొదటి రోజే కొట్లాడుకుని తేల్చుకునేవాళ్ళు.

“నువ్వు నన్ను ఇరికించావు” అన్నాను.

“ఇంకో దారి లేదక్కా. ఈ ఉద్యోగం పోతే నన్ను ఏ కాలేజీలో తీసుకుంటారు, పిల్లాణ్ణి కొట్టాడని రాశాక?”

నిడుబ్రోలులో జనం ఎక్కారు. ఆ తర్వాత మాట్లాడుకోవడం కుదరలేదు. తెనాలిలో దిగి, అతను రేపల్లె బండి కోసం అటు ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళిపోయాడు. నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

మే 17, మంగళవారం.

మళ్ళీ బాపట్ల. కరస్పాండెంట్ గారికి అంతా తెలుసు. ఫ్యాను తన వైపే ఉంది.

“చెల్లదని ఒక్క ముక్క రాయండమ్మా. మొదటి రోజు అభ్యంతరం లేదన్నాడు, మీరే రాశారు, వాడే సంతకం పెట్టాడు. సోమవారం మీ రిపోర్టు వస్తే మంగళవారం మీ ఆర్డరు వస్తది.”

“రెండిటికీ సంబంధం ఉందాండీ?” అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశారు. “అన్నీ సంబంధాలే గదమ్మా” అన్నారు.

మే 20, శుక్రవారం.

చెల్లదని రాశాను. చింపి మళ్ళీ రాశాను. రెండోది ఇంకా బాగా వచ్చింది. ఏ కోర్టుకి వెళ్ళినా నిలబడుతుంది. చట్టం ఇంత స్పష్టంగా నా వైపు ఎప్పుడూ లేదు. మరి ఎందుకు ఇలా గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను? ఈయన అన్నానికి పిలిస్తే కసురుకున్నాను. తర్వాత క్షమాపణ చెప్పాలని వెళితే, ఆయన మొక్కలకి నీళ్ళు పోస్తూ, “నాకు కాదు చెప్పాల్సింది” అన్నారు. మళ్ళీ కసురుకున్నాను.

మే 22, ఆదివారం.

చర్చికి వెళ్ళలేదు. తలనొప్పి అన్నాను.

మే 23, సోమవారం.

ఏదో తేల్చుకుని వెళ్ళానని రేపు ఎవరైనా అంటే నమ్మకూడదు. చెల్లదని రాసిన కాయితం చేతిలోనే పెట్టుకుని వెళ్ళాను. చదవడం మొదలుపెట్టాను కూడా.

“విచారణాధికారి నియామకంపై ఉద్యోగి మొదటి సిట్టింగ్‌లో అభ్యంతరం తెలపనందువల్ల” దాకా చదివి తలెత్తాను. బర్నబాస్ లేచి నిలబడి వింటున్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని. పరీక్ష గదిలో ఆ కుర్రాడి ముందు కూడా అలాగే నిలబడ్డాడు. నేను చూశాను. వరండాలో ఎండ లేదు. నేను స్టాఫ్ రూము వైపు నడవడం లేదు. కిటికీ ఊచ పట్టుకుని నిలబడి, పేపరు చిరిగిన చప్పుడు కూడా విన్నాను.

ఇంత సిగ్గు నాకు ఎప్పుడూ కలగలేదు.

కాయితం బల్ల మీద పెట్టి, లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి సాక్షి కుర్చీలో కూర్చున్నాను. శివరామయ్య ఖాళీ కుర్చీ వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు.

“ఇప్పుడు రాసేదెవరండీ?” అన్నాడు.

“మీరే రాయండి. నేను చూసింది చెబుతాను” అన్నాను.

అతను రాయలేదు. లేచి కరస్పాండెంట్ గారి గదికి పరిగెత్తాడు. గదిలో నేనూ బర్నబాసూ మిగిలాం. “మంచినీళ్ళు తాగుతావా అక్కా?” అన్నాడు. తాగాను. ఇంటికొచ్చి, చాలా రోజుల తర్వాత కడుపునిండా తిని పడుకున్నాను. అయిపోయింది అనుకున్నాను.

జూన్ 13, సోమవారం.

గుంటూరు నుంచి లాయరు వచ్చాడు. కొత్త విచారణాధికారి. ఎలాంటివాడో అని భయపడ్డాను గానీ మర్యాదస్తుడు. పద్ధతి తెలిసినవాడు. నేను చూసింది మొత్తం చెప్పనిచ్చాడు, మధ్యలో అడ్డం రాలేదు, పొల్లుపోకుండా రాసుకున్నాడు. బర్నబాస్ మొహంలో కళ వచ్చింది.

తర్వాత శివరామయ్య లేచాడు. ఇంటి దగ్గర రాసుకొచ్చిన ప్రశ్నలు.

“మీరు కళ్ళారా చూశారు కదండీ. మరి విచారణాధికారిగా ఎందుకు ఒప్పుకున్నారు?”

చెప్పడానికి నా దగ్గర ఎన్ని ఉన్నాయో. పద్ధతి ప్రకారం జరగాలని, బర్నబాస్‌కి మేలు జరుగుతుందని, అతనే అభ్యంతరం లేదన్నాడని. రెండు నెలల నుంచి నాకు నేను చెప్పుకుంటున్నవే. ఒక్కటీ నోటికి రాలేదు.

“ఎం.బి.ఏ. హెడ్డు పోస్టు కోసమండి” అన్నాను.

శివరామయ్య బిత్తరపోయాడు. ఆ జవాబు అతను రాసుకొచ్చిన దాంట్లో లేదు. లాయరు మాత్రం తలెత్తి, కళ్ళజోడు తీసి, నెమ్మదిగా తనే అడిగాడు. “అంటే అమ్మా, పోస్టు వస్తుందనుకున్నంతకాలం మీరు నిజం దాచారు. అంతేనా?”

“అంతేనండి.”

రాసుకున్నాడు. చాలా చక్కటి చేతిరాత.

జూన్ 27, సోమవారం.

రిపోర్టు వచ్చింది. వీరరాఘవయ్య గారు మొదటి నుంచి ఒకే మాట మీద ఉన్నారట. ఉద్యోగి తరఫున ఉన్న ఏకైక సాక్షి మూడు సిట్టింగుల్లో మౌనంగా ఉండి, స్వప్రయోజనం కోసం నిజాన్ని దాచినట్టు తానే ఒప్పుకున్నందువల్ల, ఆమె మాటను నమ్మదగినదిగా పరిగణించడం సాధ్యం కాదట. ఆరోపణ రుజువైంది. బర్నబాస్ ఉద్యోగం తీసేశారు.

నాలుగుసార్లు చదివాను, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. నేను ఆ కుర్చీలో ఉండి, నాలాంటి సాక్షి వస్తే, నేనూ ఇదే రాసేదాన్ని. మొదటి రోజు లేచి ఉంటే ఈ మాట ఎవరూ రాయలేకపోయేవాళ్ళు. బర్నబాస్ ఉద్యోగం నేనే పోగొట్టాను, వాళ్ళు కాదు.

హెడ్డు పోస్టుకి విజయవాడ నుంచి ఎవరో వస్తున్నారు. దాని గురించి బాధపడదామని చూశాను. కుదరలేదు.

జులై 3, ఆదివారం. తెనాలి.

మధ్యాహ్నం అన్నం వేళకి బర్నబాస్ వచ్చాడు. తలుపు తీసి నేను పక్కకి తప్పుకున్నాను, లోపలికి రమ్మనే మొహం కూడా లేక. వాడే చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. ఈయన లేచి వెళ్ళి వాడి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు.

రేపల్లెలో ట్యుటోరియల్‌లో చేరాడట. వాళ్ళమ్మ బాగానే ఉందట. ఆవిడ నా గురించి ఏమన్నదో నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

“కోర్టులో కేసు వేస్తున్నా అక్కా. వకీలు సాక్షుల పేర్లు అడిగాడు. నీ పేరు ఇచ్చాను.”

“నా మాట ఎవరు నమ్ముతారురా? నమ్మకూడదని రిపోర్టులోనే రాశారు గదా.”

“రాశారు.”

“శివరామయ్య అడిగిందే మళ్ళీ అడుగుతారు. అందరి ముందు.”

“అడుగుతారక్కా. మళ్ళీ అదే చెబుదువుగాని.”

“నా వల్ల ఈసారి కూడా నువ్వే ఓడిపోతే?”

వాడు నా వంక చూశాడు. కోపం లేదు, జాలి కూడా లేదు. “చూసినవాళ్ళు ఇద్దరే గదక్కా. వీరరాఘవయ్య గారేమో నేను కొట్టానని చెప్పారు. నువ్వు కాక నాకు ఇంకెవరున్నారు?” అన్నాడు.

వస్తానన్నాను. తర్వాత లేచి కంచాలు పెట్టాను.